వైద్య పరికరం ట్రయల్‌లో ఎథిక్స్ పనిని షెడ్యూల్‌లో ఎక్కడ పెట్టాలి?

మీరు అడిగినది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం. ఛాతీ మీద అంటించే ప్యాచ్ తయారు చేస్తున్నారు. అది గుండె లయను, రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని కొలుస్తుంది. తొమ్మిది నెలల్లో మనుషుల మీద చేసిన ట్రయల్ ఫలితాలు పెట్టుబడిదారులకు చూపించాలి. మనుషుల మీద చేసే పరిశోధనలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ మీ దరఖాస్తును ప్రశ్నలతో వెనక్కి పంపింది. ఈలోగా సొంత ఉద్యోగుల మీద పరీక్షించుకోవచ్చా, ట్రయల్ నడుస్తుండగా ఫర్మ్‌వేర్ (ప్యాచ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) మార్చవచ్చా, గాంట్ చార్టులో (పనులను తేదీల వారీ గీతలుగా చూపే పట్టికలో) ఎథిక్స్‌ను ఎక్కడ పెట్టాలి, ఇవీ మీ మూడు ప్రశ్నలు.

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను. మిగతా రెండూ దాన్నుంచి పుట్టినవే.

చాలా కంపెనీల చార్టులో 'ఎథిక్స్ అనుమతి' అని ఒకే ఒక్క గీత ఉంటుంది. దానికి ముందు డిజైన్, దాని తర్వాత ట్రయల్. ఆ గీత సాగుతున్న కొద్దీ అందరూ కమిటీని తిట్టుకుంటారు. నేను చూసినంతలో డివైస్ ప్రాజెక్టులు నైతికంగా దారి తప్పేది దుర్బుద్ధి వల్ల కాదు, చాలావరకు తేదీల ఒత్తిడి వల్లే. ప్లాన్‌లో ఒక బాధ్యతకు మనిషి పేరు, డబ్బు, గడువు రాసి లేకపోతే, టెన్షన్ పెరిగిన వారంలో మొదట జారిపోయేది అదే. అందుకే ఆ ఒక్క గీతను తీసేసి, దానిలో దాక్కున్న పనులన్నీ విడివిడిగా రాయండి: డిజైన్ ఫ్రీజ్ (ఇక మార్చబోమని డిజైన్‌ను ఖరారు చేయడం), రిస్క్ ఫైల్ (పరికరంతో రాగల ప్రమాదాల పత్రం) నుంచి పాల్గొనేవారి సమ్మతి పత్రం రాయడం, బీమా, డేటాలో ప్రమాద సూచన కనిపిస్తే చూసే డాక్టరు, ట్రయల్‌ను ఆపే అధికారం, ట్రయల్ ముగిశాక పాల్గొన్నవారి పట్ల మన బాధ్యత. అనుమతి లేఖ వచ్చాక కూడా వీటిలో సగం పని నడుస్తూనే ఉంటుంది.

కమిటీ ఆలస్యం చేస్తోందని మీరు రాశారు. నిజంగా నెమ్మదిగా నడిచే కమిటీలు ఉన్నాయి, కాదనను. కానీ వెనక్కి వచ్చిన ప్రశ్నల జాబితా మళ్లీ ఒకసారి చదవండి. వాటిలో చాలావరకు మన పత్రాలు ఒకదానితో ఒకటి పొసగకపోవడం వల్ల వచ్చినవే అయి ఉంటాయి. ప్రోటోకాల్‌లో (ట్రయల్ ఎలా నడపాలో రాసిన పత్రంలో) ప్యాచ్ ఏడు రోజులు ఉంచాలని ఉంటుంది, సమ్మతి పత్రంలో అయిదు రోజులని ఉంటుంది. ఇన్వెస్టిగేటర్ బ్రోషర్‌లో (ట్రయల్ నడిపే డాక్టర్లకు పరికరం గురించి ఇచ్చే పత్రంలో) పాత ఫర్మ్‌వేర్ నంబరు ఉంటుంది. గాయమైతే ఖర్చు ఎవరు భరిస్తారో ఒకచోట స్పాన్సర్ (ట్రయల్ చేయించే కంపెనీ) అని, ఇంకోచోట 'నిబంధనల ప్రకారం' అని ఉంటుంది. 'నిబంధనల ప్రకారం' అన్న మాట కనిపించగానే అనుభవమున్న కమిటీ సభ్యుడు పెన్ను తీస్తాడు. ఇందుకు మందు సులువు: దరఖాస్తు పంపేముందు ఆ పత్రాలేవీ రాయని ఒక వ్యక్తిని కూర్చోబెట్టి, అన్నిటిలోని అంకెలనూ పక్కపక్కన పెట్టి సరిచూడమనండి. ఒక పూట పని. ప్రశ్నలు ఎలాగూ వస్తాయి కాబట్టి షెడ్యూల్‌లో కనీసం రెండు రౌండ్లకు చోటివ్వండి.

ఇంకో చిక్కు కొంచెం లోతైనది. వైద్య పరికరాల రిస్క్ మేనేజ్‌మెంట్‌కు ప్రమాణమైన ఐఎస్‌ఓ 14971 ప్రకారం మీ ఇంజనీర్లు రిస్క్ ఫైల్ తయారు చేసి ఉంటారు. అందులో 'ప్యాచ్ తీసేటప్పుడు వృద్ధుల పలుచని చర్మం చిట్లవచ్చు' అని ఒక వరస ఉందనుకోండి. సమ్మతి పత్రం మాత్రం వేరే బృందం, పాత ట్రయల్ నుంచి తెచ్చుకున్న మూసలో రాస్తుంది. ఫలితం ఇలా ఉంటుంది: 'పరికర వినియోగం వలన స్వల్ప చర్మ సంబంధిత ప్రతికూలతలు సంభవించే అవకాశమును తోసిపుచ్చలేము.' ఇది చదివి ఎవరికి ఏం అర్థమవుతుంది? అదే విషయం ఇలా రాయొచ్చు: 'ప్యాచ్ అంటించిన చోట దురద పుట్టవచ్చు, ఎర్రబడవచ్చు. కొందరికి పొక్కులు రావచ్చు. వయసు పైబడినవారికి, తీసేటప్పుడు చర్మం చిట్లవచ్చు. పొక్కు కనిపిస్తే వెంటనే ప్యాచ్ తీసేసి ఈ నంబరుకు ఫోన్ చేయండి. తీసేసినా మీకు అందే వైద్యంలో ఏ తేడా ఉండదు.' రిస్క్ ఫైల్‌లో నియంత్రణ చర్యలు తీసుకున్నాక కూడా మిగిలిన ప్రతి ప్రమాదానికీ సమ్మతి పత్రంలో ఒక వాక్యం ఉందా అని వరసవారీగా చూసుకోండి. మనుషుల మీద జరిగే డివైస్ అధ్యయనాలకు ప్రమాణమైన ఐఎస్‌ఓ 14155, 2020 కూర్పులో రిస్క్ మేనేజ్‌మెంట్‌ను ట్రయల్ పొడవునా నడిపించమన్నది ఇందుకే.

ఉద్యోగుల సంగతికి వద్దాం. సూటిగా చెప్పాలంటే, చేయకండి. 'మా వాళ్లు ఇష్టపడే ముందుకొచ్చారండీ' అంటారని తెలుసు. మేనేజరు మెయిల్ పెట్టి 'ఎవరైనా ప్యాచ్ పెట్టుకుంటారా' అని అడిగాక, చెయ్యెత్తనివాళ్ల పేర్లు కూడా ఆ గదిలో అందరికీ తెలుస్తాయి కదా. జీతమిచ్చే చేతికి 'వద్దు' అని చెప్పడం తేలిక కాదు. అందుకే క్లినికల్ ట్రయల్స్ అంతర్జాతీయ మార్గదర్శకాల్లో, ఒత్తిడికి లోనయ్యే అవకాశమున్నవారి జాబితాలో కింది స్థాయి ఆసుపత్రి, ల్యాబ్ సిబ్బందితో పాటు ఔషధ పరిశ్రమ ఉద్యోగులను కూడా చేర్చారు. వైద్య పరిశోధనలో నైతికత గురించి ప్రపంచ వైద్య సంఘం చేసిన హెల్సింకి ప్రకటన కూడా, పాల్గొనే వ్యక్తి పరిశోధకుడి మీద ఆధారపడి ఉంటే సమ్మతి అడిగే పని ఆ బంధంతో సంబంధం లేని వేరే అర్హుడు చేయాలంటుంది. పైగా ఉద్యోగి గుండె లయలో తేడా కనిపిస్తే ఆ సంగతి యాజమాన్యానికి తెలిసిపోతుంది. దాన్ని మళ్లీ తెలియనట్టు చేయలేరు.

ఇక్కడ తరచూ వినిపించే వాదన ఒకటుంది: 'కరెంటు లేని ఉత్త జిగురు పట్టీ కదా, అది కూడా పరిశోధనేనా?' చాలా చోట్ల అవుననే సమాధానం. ఒకవేళ మినహాయింపు దొరికే రకమే అయినా, అది మినహాయింపా కాదా అని తేల్చేది మీరు కాదు. కమిటీకి ఒక పేజీ రాసి, వాళ్ల జవాబు రాతపూర్వకంగా తెచ్చుకోండి. ఈలోగా చేయగలిగిన పని బోలెడుంది. గుండె లయ సిమ్యులేటర్‌తో సిగ్నల్ పరీక్షలు, ఐఈసీ 60601 ప్రకారం విద్యుత్ భద్రత, ఐఎస్‌ఓ 10993 ప్రకారం చర్మానికి తగిలే పదార్థాల పరీక్షలు (కణాలకు హాని, దురద, అలర్జీ అన్నవి కనీసం). ఈ మూడో దానికి ల్యాబ్‌లో వారాల సమయం పడుతుంది. ఆ నివేదికలు లేకుండా కమిటీకి వెళ్లి ఉంటే, ఆలస్యం అక్కడ మొదలైందన్నమాట.

ఇక ఫర్మ్‌వేర్. మీ ప్రశ్నలన్నిటిలోకీ నాకు బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఇక్కడ నైతికత, గణాంకాలు, ఇంజనీరింగ్ మూడూ ఒకే ముడిలో ఉన్నాయి.

పాల్గొనేవాళ్లు సమ్మతించింది మీరు వివరించిన పరికరానికి. మధ్యలో దాన్ని మార్చితే వాళ్ల ఒంటి మీద ఉన్నది వాళ్లు ఒప్పుకున్న పరికరం కాదు. అది ఒక వైపు. రెండో వైపు, సగం మంది ఒక వెర్షన్, సగం మంది ఇంకో వెర్షన్ వాడితే చివర్లో వచ్చే అంకె దేనికి సంబంధించినదో ఎవరూ చెప్పలేరు. ఏ ప్రశ్నకూ జవాబు ఇవ్వలేని ట్రయల్‌లో మనుషులను పెట్టడమే ఒక నైతిక లోపం. వాళ్లు పడిన దురదకు, పోగొట్టుకున్న నిద్రకు ఫలం లేకుండా పోతుంది.

అలాగని మార్పు నిషిద్ధమేమీ కాదు. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే ఎఫ్‌డీఏ నిబంధనల ప్రకారం, ట్రయల్‌లో తెలిసిన విషయాల ఆధారంగా చేసే మార్పులు పరికరం డిజైన్‌నూ అది పనిచేసే మూల సూత్రాన్నీ గణనీయంగా మార్చనివైతే, చేశాక 5 పనిదినాల్లోపు తెలియజేసే వెసులుబాటు ఉంది. యూరప్‌లో 2017 నాటి మెడికల్ డివైస్ రెగ్యులేషన్ ప్రకారం, పాల్గొనేవారి భద్రతనో హక్కులనో, డేటా విశ్వసనీయతనో గణనీయంగా ప్రభావితం చేసే మార్పును తెలియజేశాక, కనీసం 38 రోజులు ఆగితేగాని అమలు చేయలేరు. తొమ్మిది నెలల ప్రాజెక్టులో 38 రోజులంటే ఎంతో మీకే తెలుసు. కాబట్టి మార్పు అవసరం రాకుండా చూసుకోవడమే చవక.

మీ ప్యాచ్ లాంటి వాటికి ఒక మార్గం చెబుతాను. ఫర్మ్‌వేర్‌ను రెండుగా విడదీయండి. సెన్సర్ నుంచి ముడి సిగ్నల్‌ను పట్టి భద్రపరిచే భాగం ఒకటి. ఆ సిగ్నల్ చూసి 'ఇది సక్రమం, ఇది కాదు' అని తీర్పు చెప్పే అల్గారిథమ్ రెండోది. మొదటిదాన్ని దరఖాస్తుకు ముందే గట్టిగా ఫ్రీజ్ చేయండి. ముడి సిగ్నల్ మొత్తం దాచండి. రెండోది ప్యాచ్‌లో కాకుండా సర్వర్‌లో, ట్రయల్ తర్వాత నడిచేలా ప్రోటోకాల్‌లోనే రాయండి. అప్పుడు ఇంజనీర్లు అల్గారిథమ్‌ను మెరుగుపరుస్తూ ఉండవచ్చు, ఎవరి ఒంటి మీది పరికరమూ మారదు. కానీ షరతు ఒకటి ఉంది. దేని మీద మెరుగుపరిచారో దాని మీదే పరీక్షించి 'బ్రహ్మాండంగా ఉంది' అనకూడదు. మొదట చేరినవారి డేటా నేర్చుకోవడానికి, తర్వాత చేరినవారిది పరీక్షకు అని ముందే రాసుకుని, పరీక్ష డేటా తాళం చెవిని అల్గారిథమ్ బృందం బయటి వ్యక్తికివ్వండి. ట్రయల్‌ను పబ్లిక్ రిజిస్ట్రీలో మొదటి వ్యక్తి చేరకముందే నమోదు చేయండి, ఈ విభజనతో సహా.

సాఫ్ట్‌వేర్ మార్పును అందరూ మార్పుగానే చూస్తారు. కనిపించకుండా జరిగే మార్పులే ప్రమాదం. జిగురు సరఫరాదారు కొత్త లాట్ (ఒకే విడతలో తయారైన సరుకు) పంపుతాడు, కొనుగోలు విభాగం 'అదే స్పెసిఫికేషన్' అని తీసుకుంటుంది. ప్రతి ప్యాచ్‌కూ ఒక వరస ఉన్న రిజిస్టరు పెట్టండి: 'ప్యాచ్ 0147, ఫర్మ్‌వేర్ 1.3.2, జిగురు లాట్ బి, సైట్ 2, పార్టిసిపెంట్ 031, అంటించిన తేదీ, తీసిన తేదీ, తిరిగి వచ్చిందా.' నలుగురికి పొక్కులు వచ్చాయని కబురు వచ్చిన రోజున, ఆ నలుగురూ లాట్ బి వాళ్లేనా అని పది నిమిషాల్లో చెప్పగలిగితే ఆ లాట్‌ను ఆపి మిగతావారిని కాపాడగలరు. చెప్పలేకపోతే మొత్తం ట్రయల్ ఆపాల్సి వస్తుంది.

మార్పును దాచడం ఎక్కడిదాకా తీసుకెళ్తుందో చూడాలంటే గైడెంట్ కంపెనీ కథ చాలు. గుండె లయ ప్రమాదకరంగా తప్పితే షాక్ ఇచ్చి సరిచేసేలా ఒంట్లో అమర్చే వాళ్ల డీఫిబ్రిలేటర్ మోడల్ ఒకదానిలో షార్ట్ సర్క్యూట్ లోపం ఉందని 2002లోనే కంపెనీకి తెలిసింది. తయారీలో సరిచేశారు. కానీ అంతకుముందు తయారైన సరుకును అమ్ముతూనే ఉన్నారు, డాక్టర్లకు చెప్పలేదు. 2005లో ఆ పరికరం పెట్టుకున్న ఒక యువకుడు చనిపోయాకే విషయం బయటపడింది. తర్వాత కేసు నడిచి, కంపెనీ నేరం ఒప్పుకుంది. నాకు అందులో వింతగా తోచేది ఏమిటంటే, ఇంజనీర్లు తమ పని చేశారు. లోపం పట్టుకున్నారు, సరిచేశారు. ఆ సమాచారం ఫ్యాక్టరీ గోడ దాటి రోగి దాకా వెళ్లే దారి మాత్రం లేకపోయింది. మీ మార్పుల ఫారంలో 'ఈ సంగతి ఇప్పటికే వాడుతున్నవారికి చెప్పాలా? ఎవరు నిర్ణయించారు?' అని ఒక గడి చేర్చండి. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం ముందుకు కదలకూడదు.

మీరు అడగలేదు గానీ, మీ ప్యాచ్‌కు అన్నిటికన్నా పెద్ద ప్రశ్న వేరే ఉంది. రాత్రి రెండు గంటలకు ఒక పార్టిసిపెంట్ గుండె అయిదు సెకన్లు ఆగి మళ్లీ కొట్టుకుంటుంది. ప్యాచ్ దాన్ని నమోదు చేస్తుంది. ఆ డేటాను మీ వాళ్లు ఎప్పుడు చూస్తారు?

సోమవారం సోమవారం డేటా దించుకుంటాం అంటే, ఆ మనిషి ఆరు రోజులు బండి నడుపుతూ తిరుగుతాడు, మీ సర్వర్‌లో అతని ప్రమాదం భద్రంగా కూర్చుని ఉంటుంది. రోజూ చూస్తాం అంటే, చూడగల డాక్టరు రోజూ కావాలి, సెలవు రోజుల్లోనూ. ఇంతకీ మీ ప్యాచ్ ఇంకా నిరూపణ కాని పరికరం. అది చూపిన విరామం నిజమో, ఊడిపోయిన ఎలక్ట్రోడ్ గారడీయో తెలియదు. తప్పుడు హెచ్చరికతో మనిషిని హడలగొట్టి అక్కర్లేని పరీక్షలకు పంపడమూ హానే.

దీనికి ఒకే సరైన జవాబు లేదు, కానీ జవాబు లేకుండా మొదలుపెట్టడం మాత్రం తప్పు. నేనైతే ఇలా చేస్తాను. ఏ లయ తేడాలను ప్రమాద సూచనలుగా లెక్కించాలో కార్డియాలజిస్టుతో కూర్చుని ముందే జాబితా రాయిస్తాను. ప్రతి 24 గంటలకు డేటా వచ్చేలా, ఆ జాబితాలోనివి వస్తే వంతులో ఉన్న డాక్టరు చూసేలా, నిజమనిపిస్తే పార్టిసిపెంట్‌ను పిలిచి మామూలు 12 లీడ్ ఈసీజీతో నిర్ధారించేలా ఏర్పాటు చేస్తాను. ఆ ఈసీజీ ఖర్చు ట్రయల్‌దే. సమ్మతి పత్రంలో 'ఈ ప్యాచ్‌ను ఎవరూ ఎప్పటికప్పుడు గమనించరు. ఒంట్లో బాగోలేకపోతే ప్యాచ్ ఉంది కదా అని ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి' అని పెద్ద అక్షరాల్లో రాస్తాను. ఇలాంటివి తెలుసుకోవాలని ఉందా లేదా అన్నది ఆ మనిషినే ముందుగా అడుగుతాను. ఇప్పుడు లెక్క వేయండి: వంతులవారీ డాక్టరు, రోజువారీ డేటా, నిర్ధారణ ఈసీజీలు. ఇదంతా బడ్జెట్. ఈ డబ్బు లేకపోతే అధ్యయనం చిన్నదిగా, ఆసుపత్రిలోనే మానిటర్ మీద ఉన్నవారితో చేయండి. వాళ్ల గుండెను ఎలాగూ ఇంకొకరు చూస్తూనే ఉంటారు. మొదటిసారి మనుషుల మీద పెట్టే పరికరానికి నేనిచ్చే సలహా కూడా అదే.

ప్రమాద నివేదికల గడియారం గురించి రెండు మాటలు. తీవ్రమైన ఘటన సంగతి తెలిసిన క్షణం నుంచి అది తిరగడం మొదలవుతుంది, మీ మీటింగ్ జరిగిన రోజు నుంచి కాదు. అమెరికాలో ఊహించని తీవ్ర ఘటనకు 10 పనిదినాలు. యూరప్ మార్గదర్శకాల్లో, తక్షణ ప్రాణాపాయం సూచించే ఘటనకు 2 రోజులు, మిగతా నివేదించాల్సినవాటికి 7 రోజులు. మీరు సెలవులో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తేది ఎవరో ఇప్పుడే రాసుకోండి.

ట్రయల్‌ను ఆపే అధికారం మీకు, అంటే ప్రాజెక్ట్ మేనేజరుకు, ఒక్కరికే ఉండకూడదు. మీ పని తేదీలను కాపాడటం, అదే మీ జీతం. ఆపే నియమాలను అంకెల్లో ముందే రాసి (ఉదాహరణకు, మొదటి పది మందిలో ఇద్దరికి పొక్కులు వస్తే కొత్తవారిని చేర్చుకోవడం ఆగుతుంది), నిర్ణయం కంపెనీలో వాటా లేని డాక్టరు చేతిలో పెట్టండి. ఎంతమంది చేరారన్నదానికి మీ బోనస్ ముడిపెట్టి ఉంటే, దాన్ని తీయించుకోండి.

చేర్చుకోవడంలో తొందర ఇంకో రకంగానూ కరుస్తుంది. త్వరగా దొరికేది ఆసుపత్రి చుట్టుపక్కల ఉండే యువకులు, ఆరోగ్యవంతులు. ఆక్సిజన్‌ను కాంతితో కొలిచే మీ సెన్సర్‌కు చర్మం రంగు ముఖ్యం. పల్స్ ఆక్సీమీటర్లు దశాబ్దాలుగా వాడుకలో ఉన్నాయి. అయినా 2020లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన విశ్లేషణలో, ఆక్సీమీటరు 92 నుంచి 96 శాతం చూపిస్తున్నా ధమని రక్తంలో నిజానికి 88 కన్నా తక్కువ ఉన్న సందర్భాలు నల్లజాతి రోగుల్లో 11.7 శాతం, తెల్లజాతి రోగుల్లో 3.6 శాతం అని తేలింది. ఆ లోపం మోసేది ట్రయల్‌లో లేనివాళ్లు. చర్మం రంగుల వారీగా, వయసుల వారీగా ఎంతమంది కావాలో ప్రోటోకాల్‌లో రాయండి. ఆ కోటా నిండేదాకా డేటా మూయకండి.

పెట్టుబడిదారుల విషయం. వాళ్లకు 'మంచి ఫలితాలు' అని మాటిచ్చి ఉంటే ఇప్పుడే మార్చుకోండి. ఒప్పందంలో మైలురాయి 'డేటా లాక్' (సేకరణ ముగిశాక డేటాను ఇక మార్చకుండా మూసేయడం) అని ఉండాలి, ఫలితం ఎటు వచ్చినా అది చేరుకోగలిగేదిగా. సంఖ్య బాగుంటేనే డబ్బు వస్తుందని రాసుకున్న రోజున, బాగోలేని నలుగురి డేటాను 'సిగ్నల్ నాణ్యత సరిగా లేదు' అని పక్కన పెట్టే చెయ్యి ఎక్కడో ఒకచోట పుట్టుకొస్తుంది. ఏ రికార్డింగ్‌ను ఎందుకు తీసేయవచ్చో ఫలితాలు చూడకముందే రాసి సంతకం చేయించండి.

ఆఖరుగా, ట్రయల్ తర్వాత. సెకండ్ సైట్ అనే కంపెనీ చూపు లేనివారి కంట్లో అమర్చే పరికరాలు చేసేది. ప్రపంచవ్యాప్తంగా 350 మందికి పైగా పెట్టించుకున్నారు. కంపెనీ ఆర్థికంగా కుప్పకూలేసరికి, కంట్లో ఉన్న పరికరానికి మరమ్మతు చేసేవాళ్లు లేక వాళ్లు చిక్కుకుపోయారు. మీది ఊడదీసే ప్యాచ్ కాబట్టి అంత కష్టం రాదు. అయినా మీ దగ్గర మిగిలేది ఒకటుంది: వాళ్ల గుండె లయ రికార్డులు. కంపెనీ మూతపడినా, చేతులు మారినా ఆ డేటా ఎవరిదవుతుంది, మధ్యలో మానుకున్నవారి పాత రికార్డులను ఉంచుతారా తుడిచేస్తారా, ఎవరి ఈసీజీలోనైనా తేడా ఆరు నెలల తర్వాత విశ్లేషణలో బయటపడితే వాళ్లకు ఫోన్ చేసేది ఎవరు? కమిటీకి పంపే జవాబులో ఈ మూడింటినీ వాళ్లు అడగకముందే చేర్చండి, పక్కన బడ్జెట్ పద్దు నంబరుతో సహా.